ఎనిమిది వందల ఇరవై గ్రాముల దీవెన

ఆ ఊళ్ళో ఏసీల్లో గ్యాస్ పట్టించడం మానేసి, పెద్దవాళ్ళ దీవెనలు పట్టించడం మొదలై అది నాలుగో వేసవి. మొదట్లో జనం కొంచెం వింతగా చూశారు గానీ, చల్లగాలి వస్తున్నప్పుడు లోపల ఏముంటే మనకేమని ఊరుకున్నారు. పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. డాబా మీద ఉండే బయటి యూనిట్‌కి ఒక ఇత్తడి పిన్ను ఉంటుంది. దానికి నీలం గొట్టం బిగించి, గొట్టం రెండో కొసన ఉన్న గరాటు దగ్గర నోరు పెట్టి, ఇంటి పెద్ద ఎవరైనా "చల్లగా ఉండు" అనాలి. ఒకటిన్నర టన్నుల ఏసీకి ఎనిమిది వందల ఇరవై గ్రాముల దీవెన పడుతుంది. ఆ సంగతి యూనిట్ మీద అంటించిన రేకులోనే రాసి ఉంటుంది.

ఏ దీవెన ఎంత తూగుతుందో చల్లదనాల శాఖ వాళ్ళు పట్టిక వేసి ప్రతి వీధిలోనూ గోడకు అంటించారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నది నాలుగు గ్రాములు. తల మీద చెయ్యి పెట్టి అన్నది మూడు. ఫోన్లో అన్నది అర గ్రాము. పెళ్ళిలో వెనక వరసలోంచి అక్షింతలు విసురుతూ, భోజనాల వైపు చూస్తూ అన్నది తూకానికి రాదు. ఒకసారి ఒక నాయకుడు ప్రజలంతా చల్లగా ఉండాలని సభలో మైకు పట్టుకుని అంటే, శాఖ వాళ్ళు ఆ మాటను ట్యాంకరుకు పట్టి వీధి వీధికీ పంచారు. ఎక్కడా గేజీ ముల్లు కదల్లేదు. రిజిస్టరులో మాత్రం "పంపిణీ పూర్తి" అని రాసుకున్నారు.

సున్నపు బట్టీల వీధిలో ఉండే అంకమ్మకు ఈ పట్టికంతా నోటికి వచ్చు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, ఎక్కాలు మర్చిపోయింది గానీ దీన్ని మర్చిపోలేదు. ఎందుకంటే ఆమె కూతురు కుందనకు చెమట పట్టదు. పుట్టుకతోనే అంత. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదని, ఎండాకాలమంతా చల్లటి గదిలోనే ఉంచాలని, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుందని గుంటూరులో డాక్టరు చెప్పాడు. "ప్రాణం మీదికి" అన్న మాట తర్వాత ఆయన ఇంకా చాలాసేపు ధైర్యం చెప్పాడట. అంకమ్మకు అది వినపడలేదు. పిల్లకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా అంకమ్మ ఆ మాట దగ్గరే నిలబడి ఉంది.

రోహిణి కార్తె మూడో రోజు పొద్దున ఏసీ వెచ్చటి గాలి ఊదింది. అంకమ్మ చెయ్యి పెట్టి చూసింది, చెంప పెట్టి చూసింది, పిల్ల నుదురు ముట్టుకుని చూసింది, మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. తర్వాత మొగుడు చెన్నకేశవులుకు ఫోన్ చేసింది. ఆయన సున్నం లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. "మెకానిక్కును పిలువు, కంగారుపడమాక" అన్నాడు. కంగారుపడమాక అంటే ఏదో పెద్దదే అయిందని అంకమ్మకు అర్థమైపోయింది.

మెకానిక్ మస్తాన్‌వలీ పదకొండింటికి వచ్చాడు. ఆ వీధిలో ఏసీలన్నీ అతనే చూస్తాడు.

"ఎప్పటినించక్కా?"

"పొద్దున్నించి. కాదు, నిన్నటినించే నాకు అనుమానంగా ఉంది. మొన్న చప్పుడు కూడా మారింది. ఇట్టా అయిద్దని నాకు మొన్నే తెలుసు."

"నీకెప్పుడూ తెలుసులే. పోయినేడు నేను నిచ్చెన ఎక్కుతుంటే పడతానని కూడా తెలుసన్నావు."

"పడ్డావుగా!"

"నువ్వు అరిస్తే పడ్డా."

అతను ముందు లోపలి జాలీ తీసి కడిగాడు. దుమ్ము పెద్దగా లేదు. డాబా ఎక్కి సబ్బు నురగ చేసి గొట్టాల కీళ్ళన్నిటికీ పూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు, అంటే దీవెన కారిపోవడం లేదు. తర్వాత పిన్నుకు గేజీ బిగించాడు. తక్కువ చూపిస్తుందనుకున్న ముల్లు గబగబా పైకి ఎగబాకి ఎర్ర గీత దాటింది.

"తగ్గలేదక్కా. ఎక్కువైంది. ఎక్కువై కూడా చలవ లేదంటే, లోపల దీవెన కానిదేదో కలిసింది."

మస్తాన్‌వలీ పిన్నును వేలితో రవ్వంత నొక్కి, చెవి దానికి దగ్గరగా పెట్టాడు. లోపలినుంచి సన్నగా బుసకొట్టినట్టు మాటలు వచ్చాయి. "వడదెబ్బ తగల..." అంది యూనిట్. ఆగి, "కళ్ళు తిరిగి పడ..." అంది. మళ్ళీ ఆగి, "కరెంటు పో..." అంది. గొంతు అంకమ్మదే.

అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దాచి లాభం లేదని చెప్పేసింది. ఉగాదికి చెన్నకేశవులు రోజుకిన్నిసార్లు చొప్పున పది రోజులపాటు అని నింపిన దీవెన చాలదేమోనని ఆమెకు మొదటి వారంలోనే గుబులు పుట్టింది. సైకిల్ షాపులో ఒక గొట్టం ముక్క, ఇంట్లో నూనె గరాటు కలిపి, రోజుకు మూడు పూటలా డాబా ఎక్కి తనే నింపుతోంది.

"ఏమని నింపావక్కా?"

"ఏమంటాను? చల్లగా ఉండు నా తల్లీ అన్నా. వడదెబ్బ తగలకూడదు, కళ్ళు తిరిగి పడకూడదు, కరెంటు పోకూడదు, నేను లేని పూట నా బిడ్డకేమీ కాకూడదు అన్నా. తప్పా?"

మస్తాన్‌వలీ యూనిట్ స్టాండు కిందికి వంగి చూశాడు. అక్కడ ఎండిన పొట్టు లాంటిది గుప్పెడు పడి ఉంది. వేళ్ళతో తీసి ఊదితే అన్నీ "కూడదు"లే. అంకమ్మ వాటిని వేపపూత రాలిందనుకుని నెలన్నరగా రోజూ ఊడ్చి పారబోస్తోంది.

"చూశావా?" అన్నాడు అతను. "మన మాటలో కాదనేది చివర్న వస్తది. ఈ పిన్నుకు అంత ఓపిక లేదు. 'వడదెబ్బ తగల' దాకా లోపలికి పీల్చుకుని మూసుకుంటది. 'కూడదు' బయట రాలిపోయిద్ది. నెలన్నర్నించీ నువ్వు ఈ పిల్ల గదిలోకి వడదెబ్బ నింపుతున్నావక్కా."

అతను ఆ మాట మామూలుగానే అన్నాడు. ఈ ఏడు వీధిలో అది మూడో కేసట. అంకమ్మ మాత్రం వంగి, కింద మిగిలిన 'కూడదు'లను ఒక్కొక్కటే ఏరసాగింది. ఈ ప్రపంచంలో కూతురికి హాని చేసేవాళ్ళు ఎవరెవరుంటారని తొమ్మిదేళ్ళుగా ఆమె ఎన్నో రకాలుగా ఊహించింది. లారీవాళ్ళను, కుక్కలను, బడిలో నీళ్ళకుండను కూడా వదలకుండా ఊహించింది. ఈ ఒక్కటీ ఊహకు రాలేదు.

ఉన్నదంతా లాగేసి మళ్ళీ మొదటినుంచి నింపాలి, వేరే దారి లేదు. నింపినాక శాఖ ఇన్‌స్పెక్టరు మూడింటికి వచ్చి చూసి సీలు వేస్తేనే ఏసీ వేసుకోవాలి. అప్పటిదాకా గదిలో గాలి ఆడదు. మస్తాన్‌వలీ పంపు తగిలించాడు. భయాన్ని బయటి గాలిలోకి వదలకూడదని నిబంధన ఉంది. రెండేళ్ళ కిందట పక్క వీధిలో ఎవరో తెలియక వదిలేస్తే, ఎదురింట్లో జరుగుతున్న పెళ్ళిలో పెళ్ళికొడుకు తాళి చేత్తో పట్టుకుని, ఏమవుతుందో ఏమోనని ఆలోచిస్తూ సాయంత్రం దాకా నిలబడిపోయాడు. అందుకని లాగిన భయాన్ని సిలిండరులోకి పట్టి, ఎవరిది వాళ్ళకు అప్పజెప్పి సంతకం తీసుకుంటారు.

అరగంటలో పంపు పని అయిపోయింది. మస్తాన్‌వలీ సిలిండరును తన చిన్న కాటా మీద పెట్టి తూచి, చిన్న కాగితం మీద రాసి, అంకమ్మ చేతుల్లో పెట్టాడు. అది వెచ్చగా ఉంది. చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒక చెయ్యి కిందినుంచి వేసి పట్టుకుంది.

"ఇంతేనా?" అంది.

"లోపల ఉన్నది ఇంతే. మిగతాది నీ దగ్గరే ఉండి ఉంటది."

కింద గదిలో వేడి ముప్ఫై మూడుకు చేరింది. కుందన బండల మీద తడి దుప్పటి పరుచుకుని పడుకుని, తడిగుడ్డ మొహాన వేసుకుని ఉంది. అంకమ్మ నిమిషానికోసారి గుడ్డ తీసి చూస్తోంది.

"నువ్వు మాటిమాటికీ తీస్తే ఆరిపోతది గదే అమ్మా" అంది పిల్ల. "నేను బాగానే ఉన్నా. అట్టా చూడమాక. నువ్వు చూస్తే నాకు లేని జ్వరం వస్తది."

జ్వరం లేకపోలేదు. థర్మామీటరు నూరు చూపించింది. నాలుక కింద సరిగా పెట్టలేదేమోనని అంకమ్మ మళ్ళీ పెట్టింది. నూరుకు రెండు గీతలు పైన చూపించింది. ఇక పెట్టలేదు.

చెన్నకేశవులు కాటా దగ్గర సెలవు చెప్పి వచ్చాడు. చొక్కా మీద సున్నం దుమ్ము దులుపుకుని డాబా ఎక్కి, గరాటు పట్టుకుని, "చల్లగా ఉండమ్మా" అన్నాడు. నీలం గొట్టానికి తగిలించిన చిన్న కాటా మీద మూడు గ్రాములు పడింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ మూడు. ఇరవై ఏళ్ళుగా తూకాలు చూసిన మనిషి కావడంతో ఆయన ప్రతిసారీ అనడం అయిపోగానే అంకె వైపు చూసేవాడు. ఎనిమిదోసారికి అంకె రెండుకు దిగింది, ఇరవయ్యోసారికి ఒకటికి.

"ఏందబ్బా ఇది, అదే మాట గదా అంటంది!" అన్నాడు చెన్నకేశవులు.

"అదే మాట కాబట్టేన్నా. అలవాటుగా అన్నది సగానికి సగం తరుగు పోయిద్ది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది" అన్నాడు మస్తాన్‌వలీ.

ఆయన నలభైసార్లు అని, గొంతు ఎండిపోయి, మంచినీళ్ళ కోసం కిందికి దిగాడు. అప్పటికి లోపల పడింది అరవై ఆరు గ్రాములు. గది ముప్ఫై ఆరు. కుందన మాట్లాడటం తగ్గించింది. తడిగుడ్డ తీసినా ఏమీ అనలేదు. ఊరికే కళ్ళు తెరిచి తల్లిని చూసి మూసుకుంది. అంకమ్మకు ఆ పిల్ల వెటకారం ఎంత ఊరటగా ఉండేదో అప్పుడు తెలిసింది.

"నేనంటా" అంది మస్తాన్‌వలీతో.

"అక్కా, వద్దు. మళ్ళీ అదే అయిద్ది."

"మిగతాదేమీ అనను. ఒక్క మాటే అంటా."

గరాటు దగ్గర నోరు పెట్టి "చల్లగా ఉండు నా తల్లీ" అంది. అనీ అనగానే కొంగు నోట్లో కుక్కుకుంది, ఇంకొక్క అక్షరం బయటికి రాకుండా. కాటా మీద అంకె గిర్రున తిరిగి నూట ఎనభై దగ్గర ఆగింది. మస్తాన్‌వలీ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళ పనిలో ఒక్క మాటకు ఇంత పడటం అతను చూడలేదు. కానీ గేజీ ముల్లు కూడా ఎర్ర గీత మీదికి పోయి కూర్చుంది. అనని మాటలు కూడా వెంట వెళ్ళిపోయాయి. కొంగు అడ్డం పెడితే ఆగేవి కావవి.

సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టరు ప్రమీలారాణి గొడుగు వేసుకుని వచ్చింది. గ్యాస్ రోజుల్లోనే చల్లదనాల శాఖలో చేరిందట, పదకొండేళ్ళయింది. గేజీ చూసి, కాటా చూసి, అంకమ్మ నోట్లో ఉన్న కొంగు చూసి, కేసు ఏమిటో ఎవర్నీ అడక్కుండానే రాసుకుంది.

"తండ్రిది శుద్ధంగా ఉంది, బరువు లేదు. తల్లిది బరువుంది, భయం ఉంది" అంది, పైకి చదువుతూ.

"మేడం, భయం లేకుండా దీవించడం నాకు నేర్పండి" అంది అంకమ్మ. "ఏం చెయ్యమన్నా చేస్తా. పిల్ల కింద కాలిపోతంది."

"భయం లేని తల్లి దీవెన మా ఆఫీసుకు ఇంతవరకు ఒక్కటీ రాలేదమ్మా. రాదని తెలిసే వేరే ఏర్పాటు ఉంది." ఆమె సంచిలోంచి తొమ్మిదో నంబరు ఫారం తీసింది. "ఏసీ అసలు ఏం చేస్తదో తెలుసా మీకు?"

"చల్లబరుస్తది."

"చల్లదనం తయారుచేసే యంత్రం ఎక్కడా లేదు. గదిలో వేడి తీసుకుపోయి బయట పోస్తది, అంతే. ఎవరో ఒకరు బయట ఉంటేనే ఎవరో ఒకరు లోపల చల్లగా ఉంటారు. మీ దీవెనకు కూడా అదే పద్ధతి. చలవను లోపలికి పంపి, భయాన్ని బయటే ఆపాలి. అది ఆగాలంటే, భయం ఎవరిదో ఆ మనిషి యూనిట్ పక్కనే ఉండాలి. మనిషి కనపడకపోతే అది వెతుక్కుంటూ పిల్ల దగ్గరికి పోతది."

మస్తాన్‌వలీ అప్పటికే సంచిలోంచి ఎర్ర గొట్టం తీస్తున్నాడు. ఏసీతోపాటు పెట్టెలో ఒక ప్లాస్టిక్ స్టూలు వస్తుంది. దేనికో తెలియక అంకమ్మ దాన్ని నాలుగేళ్ళుగా నీళ్ళ బిందె కింద వాడుకుంటోంది. చెన్నకేశవులు పోయి బిందె దించి, స్టూలు పైకి తెచ్చాడు.

ప్రమీలారాణి ఫారంలో గడులు నింపుతూ పోయింది. లోపలి యూనిట్ నంబరు. బయటి యూనిట్ నంబరు. బయట కూర్చునే మనిషి పేరు. లోపలి మనిషితో సంబంధం.

"నేను కూర్చుంటా మేడం. ఆడమనిషి, ఈ ఎండలో..." అన్నాడు చెన్నకేశవులు.

"ఉద్యోగం ఉందా మీకు?"

"కాటా దగ్గర."

"ఉద్యోగం లేక ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్ళకే మొదటి అవకాశం. ఈమె ఏం చేస్తారు?"

అంకమ్మ పొద్దున నాలుగింటికి లేస్తుంది. నీళ్ళు పట్టి, వండి, పిల్లను గంటకోసారి తడిపి, ముప్ఫై మంది బట్టీ కూలీలకు మధ్యాహ్నం అన్నం క్యారేజీలు కట్టి పంపుతుంది. చెన్నకేశవులు వాటిలో ఏది చెప్పాలా అని లెక్కపెట్టుకున్నాడు. ఏదీ ఆ గడిలో పట్టేలా లేదు.

"ఇంట్లోనే ఉంటది" అన్నాడు, నేల చూస్తూ.

"ఖాళీ" అని రాసుకుంది ప్రమీలారాణి.

"ఎప్పటిదాకా కూర్చోవాలి మేడం?" అంది అంకమ్మ.

ప్రమీలారాణి ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ గడి లేదమ్మా" అంది.

అంకమ్మ వేలిముద్ర వెయ్యబోయి, సంతకం వచ్చని గుర్తొచ్చి సంతకం చేసింది. స్టూలు మీద కూర్చుంది. మస్తాన్‌వలీ ఎర్ర గొట్టం ఒక కొస యూనిట్‌కి బిగించి, రెండో కొస ఆమె కొంగు చివర ముడివేసి, సిలిండరు ఒళ్ళో పెట్టాడు. ఆమె గరాటులో ఆ మాటే మళ్ళీ అంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. మనసులో ఏమొస్తే అది రానిచ్చింది. నీలం గొట్టం మీద సన్నటి నీటిచెమ్మ పట్టింది. ఇందాక లోపల చేరిన భయాన్ని కూడా లాగి ఎర్ర గొట్టం కాలి, ఆ వేడి కొంగు మీదుగా మోచేతికి, భుజానికి, మెడకు పాకింది. ఇంకో మూడుసార్లు అన్నాక అంకె ఎనిమిది వందల ఇరవై దగ్గర ఆగింది. గేజీ ముల్లు పచ్చ గీత మీద వణక్కుండా నిలబడింది.

మస్తాన్‌వలీ కిందికి పోయి, ఏసీ వేసి, గాలి వచ్చే చోట థర్మామీటరు పెట్టి, డాబా మెట్ల దగ్గరికి వచ్చి అరిచాడు. "పన్నెండు డిగ్రీలు తేడా ఉందక్కా! బ్రహ్మాండం!" ప్రమీలారాణి పిన్ను మీద సీలు వేసి, గొడుగు విప్పుకుని పక్క వీధికి వెళ్ళిపోయింది.

బయటి యూనిట్ ఫ్యాను తిరగడం మొదలుపెట్టి, గదిలో వేడంతా తెచ్చి అంకమ్మ మొహాన కొట్టింది. పైన రోహిణి ఎండ, పక్కన ఆ గాడ్పు. ఒళ్ళంతా చెమట కారింది. సొమ్మసిల్లి పడిపోతానేమోననిపించింది. ఆ భయం ఎర్ర గొట్టంలో పోయి, ఎక్కడికీ పోలేక, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. కానీ ఒక అరగంటకు గొట్టాలు దూరే కంతలోంచి పిల్ల గొంతు వచ్చింది.

"అమ్మా! ఎక్కడికి పోయావే?"

"ఇక్కడే ఉన్నా. జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. చల్లగా ఉంది. నువ్వు కూడా రా, ఇద్దరం పడుకుందాం."

"వస్తాలే. నువ్వు పడుకో."

"వస్తాలే అంటే రావు. పోనీ నేనే అంటా. చల్లగా ఉండమ్మా."

"అట్టా అనకూడదు!" అంది అంకమ్మ గబుక్కున. "చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను దీవించకూడదు."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు విని అంకమ్మకు కళ్ళు తిరగడం ఆగింది. పట్టిక ప్రకారం చిన్నవాళ్ళ దీవెనకు తూకం లేదు.

అప్పుడు తల ఎత్తి చుట్టూ చూసింది. ఇన్నేళ్ళూ ఆమె డాబా ఎక్కినప్పుడల్లా కళ్ళు యూనిట్ మీదే ఉండేవి. ఇప్పుడు చూస్తే, ఎదురు డాబా మీద యూనిట్ పక్కన స్టూలు, స్టూలు మీద ఒకామె. దాని వెనక డాబా మీద ఇంకొకామె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఆ పక్కన ఒక ముసలామె, ఒళ్ళో సిలిండరు పెట్టుకుని కునుకుతూ. బట్టీల పొగ దాకా, కనిపించినంత మేరా ప్రతి డాబా మీదా ఒక యూనిట్, ఒక స్టూలు, ఒక మనిషి. కింద వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

ఎదురు డాబా మీద ఆమె రమాతులసి. ఆమె కొడుకు పరీక్షలకు చదువుకుంటున్నాడు. రెండేళ్ళుగా ఆమె బయట కనపడటం లేదేమిటా అని అంకమ్మ అప్పుడప్పుడూ అనుకునేది.

"ఇవాళే కూర్చున్నావా?" అని కేకేసింది రమాతులసి.

"ఇవాళే వదినా."

"మొదటి నాలుగు రోజులు కష్టంగా ఉంటది. తర్వాత తెలియదులే."

"వేడి తగ్గుతదా?"

"వేడెట్టా తగ్గుతది? చెమట ఆగిద్ది."

అంకమ్మ స్టూలు మీదనుంచి సగం లేచింది. "ఆగితే ప్రమాదం కాదా?"

"ఆగితేనే సెట్టయినట్టు. మస్తాన్‌వలీ వచ్చి చూసి చీటీలో 'సాధారణం' అని రాస్తాడు."

పొద్దు వాలే వేళకు చెన్నకేశవులు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. పిల్ల పెరుగన్నం తిన్నదని, తనను రెండు మాటలు ఎగతాళి కూడా చేసిందని చెప్పాడు. అంకమ్మ అన్నీ రెండేసి సార్లు అడిగి, సరేనంది. అలవాటు కొద్దీ కొంగు తీసి నుదురు తుడుచుకుంది. కొంగు చూసుకుంది. పొడిగా ఉంది.

మెడ తుడుచుకుని చూసింది. అది కూడా పొడిగానే ఉంది.

రేపు మధ్యాహ్నం బట్టీ కూలీలకు క్యారేజీలు కట్టాలి. బియ్యం, ఉల్లిపాయలు పైకి తెచ్చి పెట్టమని ఆమె మొగుడికి చెప్పింది.